నలభై ఒకటో పేరు

మార్చి 3, సోమవారం

నా చేతిరాత బాగుండదు. తప్పులు కూడా దొర్లుతాయి. ముందే క్షమించమని అడుగుతున్నాను. ఎవర్ని అడుగుతున్నానో మాత్రం తెలీదు. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. నేను చదివినా నా రాత నాకే అర్థమవుతుందన్న నమ్మకం లేదు.

పుస్తకం ఆ అమ్మాయి ఇచ్చింది. పేరు కెటూరా సిమ్స్. ఏదో పెద్ద యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. నల్లవాళ్ళ కోసం పెట్టిన పాత కాలేజీల మీద, వాటిలోంచి మధ్యలో గెంటేసిన పిల్లల మీద. ఇప్పటికి రెండు కాలేజీలు అయ్యాయట. మా ఊరి మౌంట్ నీబో మూడోది.

"ఓజెల్ గారూ, మాట్లాడేటప్పుడు రాని జ్ఞాపకాలు రాసుకుంటుంటే వస్తాయి. రోజూ నాలుగు ముక్కలు రాయండి. నేను చూడను" అంది.

ఆమె దగ్గర ఒక కాగితం ఉంది. 1960 మార్చి నాటి జైలు రిజిస్టరు నకలు. నలభై ఒక్క పేర్లు. ప్రతి పేరు పక్కనా విద్యార్థి అని ఉంది. చివరి పేరు ఓజెల్ టార్ప్లీ. అదే వారం కాలేజీ గెంటేసిన పిల్లల జాబితాలో మాత్రం నలభై పేర్లే ఉన్నాయి. తగ్గిన ఆ ఒక్కడి కోసం రెండేళ్ళుగా వెతుకుతోందట.

"ఆ నలభై ఒకటో మనిషి మీరేనా?" అంది.

"ఊఁ" అన్నాను.

నా ఊఁ ని ఆమె ఒకటిన్నర పేజీ రాసుకుంది.

అబద్ధం కాదు. జైల్లో ఉన్నది నేనే. కాలేజీలోనే లేను. అంటే ఉన్నాను, వంటింట్లో. గిన్నెలు తోమేవాణ్ణి, పిండి కలిపేవాణ్ణి. నా చదువు ఎనిమిదో తరగతి, అదీ పత్తి ఏరే రోజులు పోగా మిగిలిన రోజుల్లో. ఈ సంగతి చెబుదామని నోరు తెరిచేసరికి అక్క నిమ్మకాయ కేకు పట్టుకొచ్చింది. తెరిచిన నోట్లో కేకు పెట్టుకున్నాను.

మార్చి 4

చెప్పేద్దామని ఫోను తీశాను. పెట్టేశాను. ఆమె భోజనం చేస్తూ ఉండొచ్చు.

మార్చి 6

హోసియా రడ్ ఇంటి అరుగు మీద డామినోలు ఆడాం. హోసియా ఆ నలభై మందిలో ఒకడు. నిజం విద్యార్థి. లెక్కల పట్టా ఇంకో మూడు నెలల్లో చేతికొస్తుందనగా గెంటేశారు. తర్వాత ముప్ఫై నాలుగేళ్ళు తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేశాడు. జైల్లో నా తల ఉన్న చోట అతని కాళ్ళుండేవి, కాబట్టి నా సంగతి అతనికి తెలుసు.

"నువ్వు తప్పిపోయిన విద్యార్థివటగా" అన్నాడు పావు పెడుతూ.

"నేను చెప్పలేదు. ఆ పిల్లే అనుకుంది."

"నువ్వేమన్నావు?"

"ఊఁ అన్నాను."

"నీ పెళ్ళిలో పాదిరీ అడిగినప్పుడు కూడా ఊఁ అనే అన్నావు. ముప్ఫై ఒక్క ఏళ్ళు కాపురం జరిగింది. నీ ఊఁ మామూలుది కాదురా ఓజెల్."

"మరి ఏం చెయ్యమంటావు?"

"మమ్మల్ని తరగతిలోంచి గెంటారు, నిన్ను వంటింట్లోంచి గెంటారు. గెంటడం గెంటడమే. ఏమైనా ఇస్తే పుచ్చుకో. నాది లెక్కల పట్టా, నీది గిన్నెల పట్టా." అలా అంటూనే ఆట గెలిచేశాడు.

రాసుకుంటే గుర్తొస్తాయందిగా ఆ అమ్మాయి. సరే, ఆ రోజు జరిగింది ఇది. పిల్లలు పొద్దున్నే బజారుకెళ్ళి, కొట్టులో భోజనాల బల్ల దగ్గర తెల్లవాళ్ళకే వేసిన స్టూళ్ళ మీద కూర్చున్నారు. వాళ్ళకి ఎవరూ ఏమీ వడ్డించరు, వాళ్ళు లేవరు. మా వంటింటి పెద్ద మిసెస్ ఓడమ్ "ఆ పిల్లలు ఆకలికి పడిపోతారు, ఇవి ఇచ్చి రారా" అని బుట్టెడు బ్రెడ్లు, మధ్యలో గుడ్డు పెట్టినవి, నా చేతికిచ్చింది. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉండగా పోలీసులు వచ్చారు. అందర్నీ పట్టుకున్నట్టే నన్నూ పట్టుకున్నారు. అందరికీ రాసినట్టే జైలు గుమాస్తా నాకూ విద్యార్థి అని రాశాడు. ఇందులో నా తప్పేం లేదు.

మార్చి 9, ఆదివారం

ఉంది.

ప్రార్థన అయ్యాక ప్రకటనల దగ్గర అక్క అర్జులా లేచి నిలబడింది. ఎర్ర చేతిసంచీ ఊపుతూ, "మా తమ్ముడు మౌంట్ నీబోలో చదివాడు. హక్కుల కోసం జైలుకి వెళ్ళాడు. యాభై నాలుగేళ్ళు నోరు విప్పలేదు. అంత వినయం" అంది.

అక్క ఆ రోజుల్లో డెట్రాయిట్‌లో ఉండేది. నేనేం చేసేవాణ్ణో ఉత్తరాల్లో చెప్పలేదు. కాలేజీలో ఉన్నానని మాత్రం రాశాను. చిరునామా కోసం.

పాదిరీ నన్ను నిలబడమన్నాడు. నిలబడ్డాను. చర్చి అంతా ఆమెన్ అంది. ఇంటికొచ్చేదాకా అక్క నా మోచెయ్యి వదల్లేదు.

"నాకు కూడా చెప్పలేదేంరా?" అంది.

"అడగలేదుగా" అన్నాను.

"నిన్ను అడిగితే మాత్రం చెబుతావా? నీ నోట్లోంచి మాట రావాలంటే దంతాల డాక్టరు కావాలి."

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు. చెప్పలేదు.

మార్చి 12

కెటూరా మళ్ళీ వచ్చింది. మాటలు పట్టే యంత్రం బల్ల మీద పెట్టింది. దాని ఎర్ర దీపం నన్నే చూస్తూ కూర్చుంది.

"ఫీజులు ఎలా కట్టేవారు?"

"కట్టలేదమ్మా."

"అంటే పని చేసి చదువుకున్నారా?"

ఆ రోజుల్లో మౌంట్ నీబోలో సగం మంది పిల్లలు అలాగే చదివారు. ఫీజు బదులు కాలేజీ పొలంలోనో, చాకిరేవులోనో, వంటింట్లోనో పని. మా వంటింట్లో రోజూ పదిమందైనా ఉండేవాళ్ళు. సాయంత్రం వాళ్ళు చేతులు తుడుచుకుని గ్రంథాలయానికి వెళ్ళేవాళ్ళు. నేను చేతులు తుడుచుకుని పడుకునేవాణ్ణి.

"పని చేశానమ్మా. వంటింట్లో."

"ఏ విషయం తీసుకున్నారు?"

"నాకు తెలిసిందల్లా రొట్టెలేనమ్మా."

ఆమె కలం కింద పెట్టేసింది. "గృహవిజ్ఞానమా? 1960లో, మగవాళ్ళు?" అంది. ఆమె కళ్ళు మెరిశాయి. నా వల్ల ఎవరి కళ్ళూ అలా మెరిసి చాలా కాలమైంది. మజ్జిగ రొట్టెలు నాలుగు వందల మందికి ఎలా చేస్తారో చెప్పాను. పిండి ఎంత, కొవ్వు ఎంత, చేతులు ఎంత చల్లగా ఉండాలి, పిండి ఎక్కువ పిసికితే ఏమవుతుంది. గంటసేపు చెప్పాను. జన్మలో అంతసేపు మాట్లాడలేదు. అన్నీ నిజాలే. చిక్కంతా అదే.

మార్చి 20

కాలేజీ నుంచి ఉత్తరం. మే పదో తారీఖున పట్టాల పండుగలో, ఆనాడు గెంటేసిన నలభై ఒక్కమందికీ ఆగిపోయిన పట్టాలు ఇస్తారట. ఇరవై ముగ్గురు పోయారు, వాళ్ళవి ఇంటివాళ్ళు అందుకుంటారు. నాది గృహవిజ్ఞానంలో.

ఇది కూడదు. వెంటనే చెప్పేస్తాను. ఉత్తరం ఏడుసార్లు చదివాను, నా పేరు సరిగ్గా రాశారో లేదో చూడ్డానికి.

మార్చి 21

ఎనిమిది.

ఏప్రిల్ 3

గౌనుల కొలతలు. కాలేజీ ప్రార్థనాలయం కింది గదికి హోసియా, నేను కలిసి వెళ్ళాం. టేపు పట్టుకున్నావిడ "చేతులు చాపండి సార్" అంది. నన్ను సార్ అనడం అదే మొదలు. చాపిన చేతులు దించమని ఆమె చెప్పేదాకా గుర్తు రాలేదు.

నమూనా గౌను తొడిగి అద్దం ముందు నిలబెట్టారు. బాగానే ఉన్నాను. న్యాయంగా చెప్పాలంటే చాలా బాగున్నాను. వెనకాల అద్దంలో హోసియా కనబడ్డాడు. ఏదో ఒక జోకు వేస్తాడని చూశాను. వెయ్యలేదు. టోపీ కుచ్చు వేలితో అటూ ఇటూ తిప్పుతూ నేల చూశాడు. కారులో కూడా మాట్లాడలేదు. హోసియా ఊరుకున్నాడంటే పెద్ద విషయమే. పుచ్చుకోమన్నది అతనే, నిజంగా పుచ్చుకుంటానని అనుకుని ఉండడు.

ఒకటి సరిదిద్దాలి. పోలీసులు వచ్చినప్పుడు నేను గుమ్మం దగ్గర లేను. కూర్చుని ఉన్నాను. హోసియా పక్క స్టూలు ఖాళీగా ఉంది. బుట్ట బరువు. కాళ్ళు నొప్పి.

ఏప్రిల్ 16

కెటూరా తను రాసిన అధ్యాయం తెచ్చింది. "మీ గురించి రాసింది మీరు ముందు వినాలి" అని చదివింది. నా గురించి తొమ్మిది పేజీలు. వింటుంటే ఆ మనిషి నాకు నచ్చాడు. పరిచయం చేసుకోవాలనిపించింది.

తర్వాత ఆమె గొంతు మారింది. "మీ ఫైలు కోసం కాలేజీ పాత రికార్డులన్నీ వెతికాను. మిగిలిన నలభై మందివీ ఉన్నాయి. మీది లేదు. చేరినట్టు లేదు, తీసేసినట్టు లేదు. ఒక మనిషిని మొత్తానికి చెరిపేశారు. అప్పుడు రికార్డులన్నీ మిస్ పెట్‌వే చేతిలో ఉండేవి. జైలుకెళ్ళిన పిల్లల వివరాల కోసం వస్తున్న ప్రభుత్వం వాళ్ళకి భయపడి మీ ఫైలు ఆవిడే తగలబెట్టిందని రాశాను."

మిస్ లెనోరా పెట్‌వే. పోయి పాతికేళ్ళు దాటింది.

"ఆవిడ మంచిదమ్మా" అన్నాను.

"మంచివాళ్ళు కూడా భయపడతారు ఓజెల్ గారూ. అధ్యాయం చెప్పేది అదే. ఈ నెలాఖరు బుధవారం గురువులకి ఇచ్చేస్తాను. ఆ తర్వాత ఒక్క ముక్క మారదు. మీరేమైనా మార్చమంటారా?"

అక్క అంది, "ఏం మార్చక్కర్లేదు, అచ్చు మా తమ్ముడే."

నేను పళ్ళెంలో మొక్కజొన్న రొట్టె ముక్క చూస్తూ కూర్చున్నాను. గట్టి మనిషినైతే ఆ ముక్క తోసేసి మాట్లాడి ఉండేవాణ్ణి. దాని మీద వెన్న రాసుకున్నాను.

ఏప్రిల్ 17

మిస్ పెట్‌వే సంగతి రాయాలి. ఆమె సంగతి రాస్తే గుమాస్తా సంగతి రాయాలి. పొద్దున్నుంచి రెండు పెన్సిళ్ళు చెక్కాను.

జైల్లో గుమాస్తా నా గిన్నెలు తోమే బట్ట చూశాడు, నడుముకి కట్టుకున్నది తియ్యలేదు నేను. "నువ్వు వంటవాడివిగా. బుట్ట నీదేనా? తీసుకుని పో" అన్నాడు. తలుపు తీసే ఉంది. బయట ఎండ కనబడుతోంది.

"నేను విద్యార్థిని" అన్నాను.

"ఏమిటీ?" అన్నాడు.

"విద్యార్థిని" అన్నాను మళ్ళీ. అడగకుండానే నేను ఒక మాట చెప్పడం అదొక్కసారే. అదీ రెండుసార్లు. అతను రాసుకున్నాడు.

ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా తెలీదు. వాళ్ళందరూ లోపల పాడుతున్నారు. నాకు పాట రాదు, అయినా లోపలికి వెళ్ళాలనిపించింది. కాళ్ళు నొప్పి అని రాశానే, కాళ్ళు నొప్పేమీ లేదు. పందొమ్మిదేళ్ళవాడికి కాళ్ళు నొప్పేమిటి?

తొమ్మిది రోజులకి వదిలారు. పిల్లల్ని కాలేజీ గెంటేసింది, నన్ను వంటింట్లోకి రావద్దంది. నాకు ఉత్తరం లేదు, ఏమీ లేదు. నోటిమాటే. ఆ సాయంత్రం మిస్ పెట్‌వే మా వీధిలోకి వచ్చింది. సన్నటి మనిషి, నల్ల గొడుగు, కళ్ళజోడుకి గొలుసు. మా మెట్ల దగ్గర నిలబడింది, కూర్చోమంటే కూర్చోలేదు.

"టార్ప్లీ, షెరీఫు మనుషుల దగ్గర విద్యార్థినని చెప్పావట" అంది.

నేను నేల చూశాను.

"తల వంచుకోకు. సెప్టెంబరులో రా. ముందు హైస్కూలు పాఠాలు నేనే చెబుతాను, మన కాలేజీలో అలా వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఫీజుకి పొలంలో పని చూస్తాను. వాళ్ళ పుస్తకంలో రాయించుకున్నావుగా, నా పుస్తకంలో కూడా రాస్తాను. నీ ఫైలుకి కొత్త అట్ట తీసి ఉంచాను."

సెప్టెంబరులో వెళ్ళాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. ఆవిడ కిటికీకి ఎదురుగా పచ్చిక మీద నిలబడ్డాను. ఆవిడ లోపల రాసుకుంటోంది. పిల్లలు వస్తున్నారు, పోతున్నారు, చేతుల్లో పుస్తకాలు. ఎనిమిదో తరగతివాడు ఆ తలుపు తోసి ఏమని చెప్పాలో తెలీలేదు. పన్నెండు గంటల గంట కొట్టేదాకా నిలబడ్డాను. తర్వాత కలప మిల్లుకి వెళ్ళి పనిలో చేరాను.

ఆవిడ బతికున్నంతకాలం, కొట్లో కనబడినా చర్చిలో కనబడినా ఒకటే మాట. "ఎప్పుడొస్తున్నావు టార్ప్లీ?" నాకు నలభై ఐదేళ్ళు వచ్చాక కూడా అడిగింది. దూరంనుంచి ఆ గొడుగు కనబడితే నేను వీధి దాటి అవతలి పక్కకి పోయేవాణ్ణి.

ఏప్రిల్ 18

కెటూరాకి ఫోను చేశాను. ఎత్తింది.

"అక్కడ వాన పడుతోందా అమ్మా?" అన్నాను.

పడుతోందట.

ఏప్రిల్ 20, ఈస్టరు

అక్క పట్టాల పండుగకని కొన్న టోపీ ఈవేళే పెట్టుకుంది. ఆగలేకపోయిందట. వెనక వరసవాళ్ళకి పాదిరీ కనబడలేదు. అందరికీ పేరుపేరునా నన్ను చూపించింది. నేను పంది తొడ మాంసం రెండుసార్లు పెట్టించుకున్నాను, అపరాధం ఆకలిని చంపుతుందంటారు, నన్ను మాత్రం ఏమీ చెయ్యలేదు.

ఏప్రిల్ 21

హోసియాకి చెప్పాను. అధ్యాయంలో మిస్ పెట్‌వే గురించి రాసింది చెప్పాను. డామినోలు పెట్టెలో పెట్టేశాడు.

"ఆవిడ తగలబెట్టిందా? ప్రభుత్వం వాళ్ళు వస్తున్నారని తెలిసి మా ఫైళ్ళన్నీ మోసుకెళ్ళి, ఇంట్లో పిండి పీపా వెనక దాచింది. నేనే మోశాను సగం. ఆ పిల్ల ఈవేళ నలభై ఫైళ్ళు చదివిందంటే ఎవరి వల్ల చదివింది?"

"మరి ఆ ముక్క నువ్వు చెప్పకూడదూ?"

"నేనెందుకు చెప్పాలి? తిన్నది నువ్వు, అజీర్తి నాకా?"

తర్వాత నేనే అడిగాను. ఇది కూడా అడగకుండా ఉండాల్సినదే.

"ఆ రోజు గౌను దగ్గర ఎందుకు మాట్లాడలేదు? దొంగ పట్టా అనా?"

హోసియా గడ్డం గీరుకున్నాడు. "నీకెప్పుడూ చెప్పలేదు. ఆ రోజు పదకొండున్నరకి నేను లేచి వెళ్ళిపోదామనుకున్నా. నా మెడ మీద ఎవడో పంచదార పోశాడు, వెనకాల కేకలు. మూడు నెలల్లో పరీక్షలు. మా అమ్మ ఇస్త్రీ పెట్టె పట్టుకుని నన్ను చదివించింది. స్టూలు మీంచి సగం లేచాను. అప్పుడు నువ్వొచ్చావు. బుట్ట బల్ల మీద పెట్టి, నడుముకి ఆ బట్టతోనే, పక్కన కూర్చున్నావు. ఒక్క మాట లేదు. వంటవాడు కూర్చుంటే లెక్కలవాడు లేచి వెళ్ళిపోతాడా? మళ్ళీ కూర్చున్నాను."

"అయితే నీ డిగ్రీ పోయింది నా వల్లనా?"

"అదేరా వెధవా నేను చెప్పేది. యాభై నాలుగేళ్ళుగా నిన్ను తిట్టాలో దండం పెట్టాలో తేలక డామినోలు ఆడుతున్నాను."

నవ్వాడు. నేనూ నవ్వాను.

"చెప్పు ఓజెల్. ఆవిడకి ఇంటివాళ్ళంటూ ఎవరూ లేరు. నువ్వు చెప్పకపోతే ఆవిడ తరఫున ఇంకెవడూ చెప్పడు."

ఏప్రిల్ 22, మంగళవారం

కెటూరా అమ్మా,

ఈ పుస్తకం చూడనని మాటిచ్చారు. దయచేసి చూడండి. ఎదురుగా కూర్చుంటే నేను ఏదో ఒకటి నోట్లో పెట్టుకుంటాను, అందుకని పుస్తకమే పంపిస్తున్నాను. మధ్యలో కొట్టివేతలున్నాయి, ఒకచోట వెన్న మరక ఉంది. మొదట్లో రాసింది నమ్మకండి. చివరికి వచ్చేకొద్దీ కాస్త నయం.

మిస్ పెట్‌వే నా ఫైలు తగలబెట్టలేదు. ఆవిడ దానికి కొత్త అట్ట తీసి ఉంచింది. లోపలికి వెళ్ళి పేరు రాయించుకోనిది నేను. కాలేజీ జాబితాలో తగ్గినవాళ్ళెవరూ లేరు. నలభై మందే. ఆ ముక్క ముందు మార్చండి. ఫైళ్ళు పిండి పీపా వెనక ఎలా దాచారో హోసియా రడ్ చెబుతాడు, యంత్రం తెచ్చుకోండి, అతను చాలాసేపు మాట్లాడతాడు.

గృహవిజ్ఞానం కొట్టెయ్యండి. రొట్టెల కొలతలు ఉంచండి, అవి సరైనవే.

పట్టా నాకు వద్దని కాలేజీకి వేరే ఉత్తరం రాశాను. వద్దు అన్న మాట నాలుగుసార్లు రాయాల్సి వచ్చింది, మూడుసార్లు చెయ్యి వేరే ఏదో రాసింది. అక్కకి ఈ పొద్దున చెప్పాను. ఆమె కొత్త టోపీ తీసి పెట్టెలో పెట్టేసింది. తర్వాత "అయితే ఆ స్టూలు మీద కూర్చున్నదీ అబద్ధమేనా?" అంది. అది నిజమే అన్నాను. "అయితే మే పదికి నేను వెళ్తాను, నువ్వూ వస్తున్నావు, హోసియా కోసం చప్పట్లు కొడదాం" అంది.

ఒక్కటి అడుగుతాను. జైలు రిజిస్టరులో నా పేరు మాత్రం మీ పుస్తకంలోంచి తియ్యకండి. అక్కడ నేనున్నాను. పేరు పక్కన విద్యార్థి అన్నచోట ఏం రాయాలో నాకు తెలీదు. వంటింటి పనివాడు అని రాస్తే నిజం. నేను గుమాస్తాకి ఇంకోలా చెప్పానని కూడా రాస్తే అదీ నిజమే. మీరు చదువుకున్నవాళ్ళు, ఏది తగునో చూడండి.

ఇది ఇప్పుడే తపాలా పెట్టెలో వెయ్యాలి. దారిలో నేను వెనక్కి తిరక్కుండా హోసియా వెంట వస్తున్నాడు. ఈ వేళ వేస్తే గురువారం మీకు చేరుతుందని అంటున్నాడు. మీ బుధవారానికి ఇంకా టైముంటుంది.

నా మీద కోపం వచ్చి ఉంటే ఆ సంగతి కూడా రాయండి. ఫోను మాత్రం చెయ్యకండి, మీ గొంతు వింటే మళ్ళీ అన్నీ ఒప్పేసుకుంటాను. ఆవిడ గురించి రాసింది మార్చారో లేదో ఒక్క ముక్క చాలు. కార్డు ముక్కైనా సరే. త్వరగా జవాబు రాయండి.

ఓజెల్ టార్ప్లీ